పని మీద వచ్చిన మనిషి

అయ్యగారు చీపురు మూలన పెట్టి, నడుము నిమురుకుంటూ వచ్చి బస్సు డ్రైవరు చోట కూర్చున్నారు.

డ్రైవరు అక్కడ లేడు. శనివారం పొద్దున్నే చర్చిలో అయ్యగారు తప్ప ఇంకెవరుంటారు? కానీ ఏ చోటు ఎవరిదో ఆ బెంచీలకు తెలుసు. పేర్లు రాసి అంటించకపోయినా, ఒకరి చోట ఇంకొకరు కూర్చుంటే ఆ పూట ప్రసంగం ఇద్దరికీ వంటబట్టదు. డ్రైవరు తలుపు పక్కన కూర్చుంటాడు, డ్యూటీకి వేళైతే చప్పుడు కాకుండా జారుకోవడానికి. నర్సమ్మది కిటికీ కింద చోటు, అలిసిపోయి వచ్చి కునుకు తీసినా మొహానికి గాలి తగిలేలా. చెవుడున్న సంఘపెద్దది మొదటి వరుస. ఆయనకు వినబడకపోయినా ఆయన అందరికీ కనబడాలి కదా!

వారం పొడుగునా ఊరంతా కాలికి బలపం కట్టుకుని తిరిగే అయ్యగారు శనివారం ఉదయం మాత్రం ఈ పని పెట్టుకుంటారు. ఊడ్చి, తుడిచి, ఒక్కొక్కరి చోట కూర్చుని, ఆ మనిషి కోసం మనసులో ప్రార్థిస్తారు. పెదవులు కూడా కదలవు. కళ్ళు మూసుకోరు. ఆ మనిషి చూసేవైపే చూస్తారు. డ్రైవరు చోటు నుంచి చూస్తే మధ్యలో స్తంభం అడ్డం వచ్చి, ప్రసంగించే మనిషి సగమే కనబడతాడు. ఆ సంగతి కనిపెట్టిన దగ్గర్నుంచి అయ్యగారు పీఠం దగ్గర ఒక అడుగు పక్కకు జరిగి నిలబడుతున్నారు. ఎందుకు జరిగారో డ్రైవరుకు ఇప్పటికీ తెలియదు. ఒకరోజు అయ్యగారు తనవైపే చూస్తూ ప్రసంగిస్తున్నారని గమనించి, ఆ వారమంతా బస్సు కాస్త నెమ్మదిగా నడిపాడట.

అయ్యగారు పొడుగాటి మనిషి, బక్కపలచన. పెద్ద చెవులు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, ఏళ్ళ తరబడి దానికి ఒక మడత స్టూలు తగిలించుకుని తిరగడం వల్ల. కోటు మోచేతుల దగ్గర ఆయన ఇల్లాలు అమ్మగారు వేసిన అతుకులు రెండు రంగుల్లో ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరో మోసుకెళ్ళే నిచ్చెనకు కోటు తొడిగినట్టుంటారు. ఆ మాట అన్నది ఎవరో కాదు, అమ్మగారే.

చివరికి ఆయన నాలుగో బెంచీ చివరకు వచ్చి ఆగారు. గోడవైపు ఉన్న ఆ రెండు చోట్లూ వడ్రంగి మేస్త్రివి, ఆయన ఇల్లాలివి. ఆ మాటకొస్తే అక్కడున్న బెంచీలన్నీ మేస్త్రి చేతి పనే. మిగతా చోట్ల జనం కూర్చుని లేచి పాలిష్ అరిగి కట్టె తేలింది. ఆ చివర మాత్రం ఇంకా మెరుస్తోంది. కొత్తగా వచ్చినవాళ్ళు అటు అడుగు వేస్తే పక్కవాళ్ళు కళ్ళతోనే ఆపేస్తారు. ఎందుకో చెప్పరు. చెప్పాల్సింది అయ్యగారు, ఆయన చెప్పలేరు.

మేస్త్రి చోట ఆయన మిగతా చోట్లకన్నా ఎక్కువసేపు కూర్చున్నారు. ఈ జన్మలో ఇక అడగడానికి పెద్దగా ఏమీ లేని మనిషి ఆయన. పిల్లలు లేరన్న చింత కూడా పాతబడి అణిగిపోయింది. ఒక్క కోరిక మాత్రం మిగిలిపోయింది. ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చి ఇక్కడ కూర్చోవాలి. తన కళ్ళతో అది చూడాలి.

ఊళ్ళో ఆయనకు ‘పొట్టి ప్రార్థన అయ్యగారు’ అని పేరు. పెళ్ళయినా, పుట్టినరోజయినా, చావయినా ఆయన ప్రార్థన రెండు మూడు వాక్యాలు దాటదు. అందులో ఎవరి పేరూ ఉండదు. వేరే ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు ఒక కన్ను తెరిచి, ‘అయిపోయిందా?’ అని పక్కవాళ్ళను అడుగుతుంటారు.

ఎప్పుడూ ఇలా ఉండేవారు కాదు. ఒకప్పుడు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే చంటిపిల్లలు ఒక నిద్ర తీసి లేచేవారు. ప్రతి ఇంటి కష్టాన్నీ పేరు పేరునా దేవుడికి విన్నవించేవారు. ఆ కష్టం ఎవరిది, ఎలా వచ్చింది, ఎంతవరకు వచ్చింది, అన్నీ వివరంగా ఉండేవి. దేవుడికి తెలియదని కాదు. ప్రేమ ఎక్కువై అలా పొంగేది. ఆమెన్ అనేసరికి అందరి సంగతులూ అందరికీ తెలిసిపోయేవి. కబుర్లు మోయడం పాపమని నమ్మే జనం కూడా ప్రార్థన అంశాలు మోయడానికి వెనకాడరు కదా.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మేస్త్రి వచ్చి, కూర్చోకుండా, గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పాడు. “పాలల్లో ఉప్పు వేసిందయ్యగారూ. మొన్న కొట్టుకెళ్ళి ఇంటికి దారి మర్చిపోయింది. మతి తప్పుతోందని దానికింకా తెలీదు. ఈ మాట మీ చెవి దాటకూడదు.”

దాటదన్నారు అయ్యగారు. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. అమ్మగారికి కూడా చెప్పలేదు. ఆదివారం ఒక్క దేవుడికి మాత్రం చెప్పారు. సభ అంతటి ముందూ నిలబడి, కళ్ళు మూసుకుని చెప్పారు.

చర్చిలో పాటలన్నిటికీ మొదలెత్తేది మేస్త్రి ఇల్లాలే. ఆమె గొంతు పట్టుకుంటే గానీ మిగతావాళ్ళకు దారి దొరికేది కాదు. అయ్యగారికైతే ఆమె ఉన్నా దొరికేది కాదు, అది వేరే సంగతి. తనకు మతి తప్పుతోందన్న మాట ఆమె మొదటిసారి విన్నది ఆ ప్రార్థనలోనే. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా ఆమె ఒక్కతే కళ్ళు తెరిచింది. చేతిలో పాటల పుస్తకం బెంచీ మీద పెట్టి, నిటారుగా నడిచి బయటికి వెళ్ళిపోయింది. వెనకే మేస్త్రి.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. అయ్యగారి నోరు జారింది దేవుడి ముందే అయినా, తీసుకోలేకపోయారు. మర్నాడు వెళ్ళి మేస్త్రి చేతులు పట్టుకోబోయారు. మేస్త్రి చేతులు వెనక్కి తీసుకుని, “చెప్పాల్సిందంతా అక్కడే చెప్పేశారుగా. ఇంకేం మిగిలింది?” అన్నాడు. కూర్చోమనలేదు.

తర్వాతి శనివారం అయ్యగారు మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఒక మడత స్టూలు కొనుక్కుని వెళ్ళి, గడప అవతల దాన్ని విప్పుకుని కూర్చున్నారు. మాట్లాడలేదు. మేస్త్రీ మాట్లాడలేదు. లోపలినుంచి ఆమె “ఎవరండీ?” అని అడిగితే, “ఎవరో పని మీద వచ్చారు” అన్నాడు మేస్త్రి. కాసేపు కూర్చుని, లేచి, స్టూలు మడిచి వచ్చేశారు. అప్పటినుంచి ప్రతి శనివారం అంతే. ఆమె ప్రశ్న అదే, మేస్త్రి జవాబూ అదే.

స్టూలు చంకన ఉంది కదా అని మిగతా ఇళ్ళకు వెళ్ళినప్పుడు కూడా దానిమీదే కూర్చోవడం మొదలుపెట్టారు. మంచం మీది రోగి ముందైనా, పీట మీది ముసలమ్మ ముందైనా తాను వాళ్ళకన్నా కిందుగా ఉండేవారు. కిందుగా కూర్చున్న మనిషికి జనం ఇంకాస్త లోతు సంగతులు చెబుతారని ఆయనకు అప్పుడే తెలిసింది. విన్నవి మాత్రం ఆయన కడుపులోనే ఉండిపోయేవి. “మా అయ్యగారి వినయం చూశారా, ఎవరింట్లోనూ కుర్చీ అడగరు” అని ఊరంతా చెప్పుకున్నారు. వినయం తర్వాత వచ్చింది. ముందు కుర్చీ లేక కొన్న స్టూలు అది.

ఆ శనివారం ఆయనకు రొట్టెల బట్టీ దగ్గర పిలుపు ఉంది. బట్టీవాడు కొత్త పొయ్యి కట్టించాడు. చర్చికి ఎప్పుడో గాని రాడు. అయినా అయ్యగారు చెయ్యి వేయందే పొయ్యి వెలిగించనని పట్టుబట్టాడు.

వీధి ఎత్తుగా ఉంటుంది. ఈమధ్య అయ్యగారు ఆ ఎత్తు ఎక్కేటప్పుడు దారిలో ఆగి దుకాణాల అద్దాల్లోకి చూస్తున్నారు. చెప్పుల దుకాణం ముందు ఒకసారి, గడియారాల దుకాణం ముందు ఒకసారి. గడియారాల ఆయన లోపలినుంచి పలకరించాడు. “ఏంటయ్యగారూ, రోజూ చూస్తున్నారు, ఏదైనా నచ్చిందా?”

“టైము చూసుకుంటున్నానయ్యా” అన్నారు అయ్యగారు, రొప్పు అణుచుకుంటూ.

“ఇక్కడ ఒక్కో గడియారం ఒక్కో టైము చూపిస్తుందండీ.”

“అందుకేగా నిలబడ్డాను. నాకు పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుందని.”

బట్టీ లోపల పిండి వాసన. మూలన బట్టీవాడి తల్లి గోనెసంచి మీద కూర్చుని ఉంది. బట్టీవాడు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. “కాస్త మంచి టైము చూసి చెప్పండి అయ్యగారూ. అప్పుడే అంటిస్తా. చెడ్డ గడియలో అంటించానంటే జన్మంతా మాడిన రొట్టెలే.”

“పిండి పొంగిందా?”

“పొంగింది.”

“అదే మంచి టైము.”

కుర్రతనంలో అయితే అయ్యగారు ఈ మాట మీద ఒక ప్రసంగం అందుకునేవారు. చెడ్డ గడియ అంటూ ఉండదని, భయపడే చోట నమ్మకం ఉండదని బట్టీవాడికి బుద్ధి చెప్పి, రొట్టెలు చల్లారాక గాని వదిలేవారు కాదు. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మనిషి తన పొయ్యి దగ్గర, తన తిండి దగ్గర భయపడతాడు. ఆ భయంలో చేతికి దొరికిందాన్ని పట్టుకుంటాడు. తాను ఒకప్పుడు పొడుగు ప్రార్థనల్ని పట్టుకోలేదూ? ఎక్కువ మాటలు చెబితే దేవుడు ఎక్కువ వింటాడని లోలోపల ఎక్కడో తనకూ ఉండేది. అదీ ఒకరకం గడియలు చూసుకోవడమే.

పొయ్యి నోటి మీద చెయ్యి పెట్టి ఆయన అన్నారు. “తండ్రీ, ఈ పొయ్యి వాసన చూసినవాళ్ళెవరూ ఆకలితో వెనక్కి పోకూడదు. ఆమెన్.”

బట్టీవాడు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. వాళ్ళమ్మ కాలితో తట్టింది. “అయిపోయిందిరా. అంటించు.”

“అంతేనా?” అన్నాడు వాడు, నొచ్చుకున్నట్టు. “లాభం సంగతి ఏమీ చెప్పలేదే?”

“వాసన చూసినవాళ్ళు వెనక్కి పోకపోతే లాభం కాదట్రా?” అంది వాళ్ళమ్మ. అయ్యగారు గట్టిగా నవ్వారు.

మొదటి వాయి వచ్చేదాకా ఉండమన్నారు. అయ్యగారు స్టూలు విప్పి కూర్చోబోయారు. ఫట్‌మని చప్పుడైంది. మరుక్షణం అయ్యగారి పొడుగాటి కాళ్ళు రెండూ గాల్లో ఉన్నాయి. బట్టీవాడు పరిగెత్తి వచ్చి లేపాడు. దెబ్బేమీ తగల్లేదు. స్టూలుకు మాత్రం ఒక కాలు, చీల పెట్టిన చోట నిలువునా చీలిపోయింది.

“మొదటిరోజే మీరు పడ్డారు. ఇది మంచా చెడా అయ్యగారూ?” అన్నాడు బట్టీవాడు దిగులుగా.

“పడింది ఆయన. నువ్వు కాదుగా. మంచే” అని తేల్చేసింది తల్లి.

వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టించుకుని, విరిగిన స్టూలు భుజానికి తగిలించుకుని అయ్యగారు ఇల్లు చేరారు. ఇల్లంటే చర్చి వెనక రెండు గదులు. అమ్మగారు స్టూలును చూశారు, కోటు మీది పిండి మరకను చూశారు, ఏం జరిగిందో అడగకుండానే గ్రహించారు.

“దాన్ని ఆ పొయ్యిలోనే పడేసి రాకపోయారా? ఒక రొట్టెన్నా కాలేది.”

“ఇవాళ శనివారం” అన్నారు అయ్యగారు.

“అయితే?”

“మేస్త్రి దగ్గరికి వెళ్ళాలి. ఎక్కడ కూర్చోను?”

అమ్మగారు కంచం ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఆవిడకు నోరెక్కువని సంఘంలో పేరు. ఆ నోరు లేకపోతే అయ్యగారు ఎప్పుడో కోటు కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చేవారు. “ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఇన్నేళ్ళుగా వెళ్ళి ఆయన గుమ్మంలో కూర్చుంటున్నారు. నోరు విప్పరు. పాపం ఆయనకేం తోస్తుంది? మీరు క్షమించమంటున్నారా, కాపలా కాస్తున్నారా?”

“ఏమడిగినా మళ్ళీ మాటలే కదా.”

“క్షమాపణ గురించి కాదు నేను చెప్పేది. మీరు ఎవరినీ ఏమీ అడగరు. జన్మంతా ఇచ్చే చెయ్యే మీది. ఇచ్చేవాడి ముందు ఎవరికైనా ఎంతకాలం నిలబడబుద్ధవుతుంది? అడగందే అమ్మైనా పెట్టదు.” విరిగిన కాలిని వేలితో కదిలించి చూశారు. “ఆయన వడ్రంగి. ఇది విరిగింది. మీకింకా అర్థం కాకపోతే నేనే తీసుకెళ్తాను.”

అయ్యగారు తినడం ఆపి ఆవిడ మొహంలోకి చూశారు. ఇంతకాలం తాను ప్రసంగాలు చెప్పి, ఈవిడచేత వంట చేయించానని మనసులో సిగ్గుపడ్డారు.

ఆ ఎత్తు వీధిలోనే ఉన్న మేస్త్రి ఇంటి ముందుగదే ఆయన పని చేసుకునే చోటు. నేలంతా రంపపు పొట్టు. గోడకు ఉలులు వరుసగా, చిన్నదాని పక్కన పెద్దది. మేస్త్రి తలుపు రెక్క ఒకటి బల్ల మీద పరిచి చిత్రిక పడుతున్నాడు. పొట్టిగా గట్టిగా ఉండే మనిషి, కనుబొమల మీద కూడా పొట్టు. అయ్యగారి నీడ గడప మీద పడగానే చూపు దించుకున్నాడు, ప్రతి శనివారంలాగే.

అయ్యగారు కూర్చోలేదు. కూర్చోవడానికి లేదు. చేతిలో విరిగిన స్టూలుతో, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా నిలబడ్డారు. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. ఎత్తు ఎక్కడం వల్ల కొంత, ఎత్తు వల్ల కానిది కొంత.

లోపలినుంచి గొంతు వినిపించింది. “ఎవరండీ?”

“ఎవరో పని మీద వచ్చారు” అన్నాడు మేస్త్రి, అలవాటుగా.

“అవును మేస్త్రీ, పని మీదే వచ్చాను” అన్నారు అయ్యగారు. స్టూలు ముందుకు చాచారు. “ఇది విరిగింది. బాగుచేసి పెట్టాలి.”

చిత్రిక ఆగింది. పని మీద వచ్చినవాణ్ణి మేస్త్రి తన జన్మలో పొమ్మనలేదు. పగవాడైనా సరే, కట్టె పట్టుకుని గుమ్మంలోకి వస్తే ముందు కట్టె చూడాల్సిందే. చేతులు పొట్టు దులుపుకుని తీసుకున్నాడు. వెలుతురులో తిప్పి చూశాడు. ఏళ్ళ తరబడి తన గడప ముందు నిలిచిన ఆ స్టూలును ఆయన చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

“ఎవడు చేశాడిది?” అన్నాడు చివరికి. “నార ఎటు పోతోందో చూడకుండా కాలు కోశాడు. ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప.”

“నేను బరువు తక్కువ.”

“అతుకు వేస్తే నిలవదు. కాలు కొత్తది పడాలి.”

“పడనీ.”

లోపలి తలుపు తెరుచుకుంది. మేస్త్రి ఇల్లాలు గడప మీదికి వచ్చింది. మనిషి సన్నబడింది. ఉతికిన బట్ట, నున్నగా దువ్విన తల. జడ పాయలు మూడూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా, కొలిచి అల్లినట్టున్నాయి. అది ఎవరి చేతి పనో అయ్యగారికి చూడగానే తెలిసింది.

ఆమె ఆయనవైపు కళ్ళు చిట్లించి చూసింది. గుర్తుపట్టలేదు. భర్తవైపు తిరిగి, “అదేంటి, పెద్దాయన్ని అలా నిలబెట్టేశారు? కూర్చోమనండి” అంది.

మేస్త్రి కదల్లేదు. చేతిలో స్టూలు, కళ్ళు నేల మీద. తర్వాత బల్ల కింద నుంచి తాను కూర్చునే ముక్కాలిపీట లాగాడు. భుజం మీది తువ్వాలుతో దాని మీది పొట్టు తుడిచి, అయ్యగారి ముందు పెట్టాడు.

“కూర్చోండి” అన్నాడు.

అయ్యగారు గడప దాటి వచ్చి కూర్చున్నారు. ఎన్నో పెద్ద సభల్లో, పూలదండలు వేసిన కుర్చీల్లో ఆయన్ని కూర్చోబెట్టినవాళ్ళున్నారు. వాటిలో ఒక్కటీ ఆయనకు గుర్తులేదు. ఈ పీటకు మాత్రం కాళ్ళు మూడూ నేలకు ఆనిన తీరు కూడా తెలుస్తోంది.

“మీరేం పని చేస్తుంటారు?” ఆమె మర్యాదగా అడిగింది.

అయ్యగారు ఆలోచించారు. “కుర్చీలు, బెంచీలు సర్దుతుంటానమ్మా. ఊడుస్తాను. జనం వచ్చి కూర్చుంటారు.”

“మంచి పనే. మా ఆయన బెంచీలు చేస్తారు.”

“తెలుసమ్మా. వాటినే సర్దుతాను.”

ఆమె నవ్వింది. గోడకు ఆనుకుని, ఏదో రాగం కూనిరాగంగా మొదలెట్టింది. మాటలన్నీ పోయాయి. రాగం మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆ రాగం మీద ఎన్ని ఆదివారాలు నడిచాయో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. అయ్యగారు ఉండబట్టలేక మెల్లగా గొంతు కలిపారు. ఆమె ఠక్కున ఆగి, చేత్తో కిందికి చూపించింది.

“అక్కడ తగ్గాలి. మీరు ఎక్కేస్తున్నారు.”

“ఎప్పుడూ ఇంతేనమ్మా. సరిదిద్దేవాళ్ళు లేక పాడైపోయాను.”

మేస్త్రి అటు తిరిగి చిత్రిక పడుతున్నాడు. బల్ల మీది రెక్క అప్పటికే నున్నగా ఉంది. అయినా పడుతూనే ఉన్నాడు.

లేచేటప్పుడు అయ్యగారు అడిగారు. “ఎప్పుడు రమ్మంటావు మేస్త్రీ?”

“మీరు రానక్కర్లేదు.”

అయ్యగారి మొహం పాలిపోయింది. మేస్త్రి ఉలి ఒకటి తీసి, దాని పదును బొటనవేలితో చూస్తూ మెల్లగా అన్నాడు. “ఆ ఎత్తు ఎక్కి వచ్చేసరికి మీకు ఊపిరాడటం లేదు. రేపు నేనే తెచ్చిస్తాను.”

“రేపు ఆదివారం.”

“తెలుసు.”

దిగువకు వచ్చేటప్పుడు అయ్యగారు ఏ దుకాణం ముందూ ఆగలేదు. భుజం మీద స్టూలు లేని తేలిక వల్లో, ఇంకే తేలిక వల్లో, ఆ నడక చూసినవాళ్ళు అయ్యగారికి ఏదో కలిసొచ్చిందనుకున్నారు. గడియారాల ఆయన చెయ్యి ఊపితే ఈయన రెండు చేతులూ ఊపారు. ఇంటికి వచ్చి అమ్మగారితో ఒకే మాట చెప్పారు. “తెస్తానన్నాడు. రేపు.” అమ్మగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పండగలాంటిది.

పొద్దు వాలుతుండగా, నాలుగో బెంచీ చివర ఒకసారి గుడ్డ పెట్టి తుడిచి వస్తానని చర్చిలోకి వెళ్ళారు. కాసేపటికి అమ్మగారు భోజనానికి పిలవడానికి వచ్చారు. ఆయన మేస్త్రి చోట కూర్చుని ఉన్నారు. తల కొద్దిగా వంగి ఉంది. చేతులు ముందు బెంచీ మీద, తుడిచే గుడ్డ వేళ్ళ మధ్య. ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించకూడదని అమ్మగారు తలుపు దగ్గరే ఆగారు. డ్రైవరు చోట కూర్చుని ఎదురుచూశారు. చివరికి, “ఊరందరికీ పొట్టి ప్రార్థన, మేస్త్రికి మాత్రం ఇంత పొడుగా? లేవండి, చల్లారిపోతోంది” అన్నారు.

ఆయన లేవలేదు. అమ్మగారు దగ్గరికి వచ్చి చెయ్యి తాకారు. తర్వాత ఆ పక్కన, మేస్త్రి ఇల్లాలి చోట కూర్చున్నారు. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు.

మర్నాడు అయ్యగారిని సాగనంపడానికి చర్చి పట్టనంతమంది వచ్చారు. ఎప్పుడూ రాని బట్టీవాడు తల్లిని మోసుకుని వచ్చాడు. డ్రైవరు బస్సును బయటే ఆపేసి, ప్రయాణికులకు చెప్పి వచ్చాడు. వాళ్ళలో సగంమంది దిగి అతని వెంటే వచ్చారు. అందరూ సర్దుకుని కూర్చున్నాక తలుపు దగ్గర మేస్త్రి కనిపించాడు. ఒక చేత్తో ఇల్లాలి చెయ్యి, ఇంకో చేత్తో మడిచిన స్టూలు. చెప్పిన మాట ప్రకారం తెచ్చాడు. జనం దారి ఇచ్చారు. నాలుగో బెంచీ చివర రెండు చోట్లూ, అంత రద్దీలోనూ ఖాళీగానే ఉన్నాయి. వెళ్ళి కూర్చున్నారు.

చెవుడున్న సంఘపెద్ద ప్రార్థనకు లేచాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. చనిపోయినవారి గుణగణాలు అయ్యాయి, ఊరి వారి కష్టాలు అయ్యాయి. గొంతు ఇంకాస్త పెంచి, “ప్రభువా, ఎన్నో ఏళ్ళ తర్వాత ఇవాళ తిరిగి నీ సన్నిధికి వచ్చిన మా మేస్త్రిని, మతి...” అని అందుకున్నాడు.

“ఆమెన్!”

అమ్మగారి గొంతు చర్చి కప్పుకు తగిలింది. చెవుడున్న పెద్దాయనకు కూడా వినబడింది. సభంతా ఒక్కసారిగా, అలవాటు కొద్దీ, “ఆమెన్” అంది. పెద్దాయన కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసి, తన ప్రార్థన ఎలా ముగిసిందో తెలియక కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో నాలుగో బెంచీ చివర నుంచి ఒక రాగం మాటల్లేకుండా లేచింది. ఒక్కొక్కరే అందుకున్నారు. తగ్గాల్సిన చోట అందరూ తగ్గారు.

అంతా అయ్యాక మేస్త్రి స్టూలు తీసుకెళ్ళి అమ్మగారి ముందు పెట్టాడు. “నిన్న సాయంత్రమే పూర్తి చేశానమ్మా. అప్పుడే తెచ్చి ఉంటే...”

“ఆయన చెప్పే వెళ్ళారు, నువ్వు తెస్తున్నావని” అన్నారు అమ్మగారు. “సంతోషంగా వెళ్ళారయ్యా. ఇది నాకెందుకు? నాకు మోకాళ్ళ నొప్పులు, అంత కిందికి కూర్చోలేను. నువ్వే తీసుకెళ్ళు.”

తర్వాతి శనివారం మేస్త్రి పనిలోకి దిగే ముందు ఆ స్టూలు తీసుకెళ్ళి గడప అవతల, ఎప్పుడూ ఉండే చోటే విప్పి పెట్టాడు. వచ్చి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది.

“ఎవరండీ?”

మేస్త్రి చెయ్యి ఆగింది. తలెత్తి గడప వైపు చూశాడు.

“మనవాళ్ళే” అన్నాడు.

గడప అవతల ఎండలో, వాడి వాడి నల్లబడ్డ కాళ్ళు మూడింటి మీద, పొట్టు వాసన ఇంకా పోని తెల్లటి కొత్త కాలి మీద, స్టూలు వంకర లేకుండా నిలబడి ఉంది.